పథ్యం డబ్బా

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మగవాళ్లకు ఒక అలవాటు ఉంది. మధ్యాహ్నం కార్ఖానాలో ఓ మూల గుండ్రంగా కూర్చుని డబ్బాల మూతలు తీస్తారు, ఒకరి కూర ఒకరు కలుపుకుంటారు. ముచ్చటైన అలవాటే. కానీ ఆ ముచ్చట సరోజన సంసారాన్ని ఎక్కడికి తెచ్చిందో వినండి.

సరోజన భర్త గంగారాంకు నలభై ఎనిమిదేళ్లు. ఇరవై ఏళ్లుగా సాంచాల మధ్య నిలబడి, ఆకలైనప్పుడల్లా చాయ్ తాగి కడుపులో పుండు తెచ్చుకున్నాడు. డాక్టర్ హేమలత మందులు రాసి, "కారం బంద్, పులుపు బంద్, చాయ్ బంద్. వేళకు మెత్తటి అన్నం, చప్పిడి కూర. మందు సగం పనే చేస్తది, మిగతా సగం తిండి చెయ్యాలె" అని ఖండితంగా చెప్పింది.

ఆ రోజు నుంచి సరోజనకు అదే లోకమైంది. బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి, పొద్దున్నే సొరకాయో బీరకాయో కారం లేకుండా ఉడికించి, మెత్తటి అన్నంతో డబ్బా కట్టేది. ఇంట్లో కనిపిస్తే ఆయనకు నోరూరుతుందని ఏడాదికి సరిపడా పెట్టుకున్న మామిడి తొక్కు జాడీని పక్కింటి ఇంద్రమ్మకు ఇచ్చేసింది. తనూ చప్పిడే తిన్నది. సాయంత్రం డబ్బా ఖాళీగా వస్తే చాలు, ఆమెకు కొండంత ధైర్యం.

నాలుగు నెలలైనా మంట తగ్గలేదు. "నీ వంటల ఏదో పడ్తలేదేమో" అన్నాడు గంగారాం ఒకనాడు, ఆమె కళ్లలోకి చూడకుండా. పిచ్చి తల్లి, ఆ మాట నమ్మి ఉప్పు కూడా తగ్గించింది. గిన్నెలు రెండేసిసార్లు కడిగింది.

చివరికి గంగారాం నెత్తురు కక్కుకుని సాంచాల మధ్యే పడిపోయాడు. దవాఖానాలో హేమలత నొసలు చిట్లించింది. "ఇంత గట్టిగ పథ్యం చేసినా ముదిరిందంటే వేరే ఏదన్న ఉన్నదేమో" అంది.

అప్పుడే గంగారాం పక్క సాంచాల మీద పనిచేసే హన్మంతు వచ్చి ఆమెకు చేతులు జోడించాడు.

"వదినె, నీ మేలు మర్వ. రెండేండ్ల సంది నాకు ఛాతిల మంట. నీ డబ్బా తినవట్టినంక హాయిగున్నది."

"నా డబ్బా నువ్వు తినుడేంది?"

హన్మంతు బిత్తరపోయాడు. "అన్న చెప్పలేదా? మొదట్ల మావోళ్లు గిది బాలింత కూడని నవ్విన్రు. తెల్లారి అన్న 'డాక్టర్ పథ్యం ఆపేసింది, సరోజన అలవాటుకొద్ది కడ్తుంది' అన్నడు. అప్పటి సంది అన్న డబ్బా నేను, నా డబ్బా అన్న..."

"నీ డబ్బల ఏముంటది?"

"ఎండుచేపల కారం వదినె" అన్నాడతను నేల చూపులు చూస్తూ.

సరోజన గోడకు ఆనుకుంది. నాలుగు నెలలు తన చేతులనే అనుమానించుకున్నందుకు ఆమెకు తన మీదే జాలేసింది. ఏడవలేదు. ముందు డాక్టర్‌కు నిజం చెప్పింది, తర్వాత భర్త మంచం దగ్గరికి వచ్చింది.

"హన్మంతు చెప్పిండు" అంది.

గంగారాం గోడవైపు తిరిగాడు. "పది మందిల పరువు పోతుందని..."

"నెత్తురు కక్కితె పోలేదా పరువు? నా వంట పడ్తలేదంటివి. గా మాట నీకెట్లచ్చింది?"

ఆమె గంజి గ్లాసు అతని చేతిలో పెట్టింది, ఎప్పటిలా తాగించలేదు.

"నువ్వు లేచి మళ్ల పనికి పోయిన్నాటి సంది డబ్బా కడ్త. కని కార్ఖానల అందరి ముంగట మూత తీసి తినాలె. రోగమచ్చుడు సిగ్గు కాదు, పథ్యం తినుడు సిగ్గు కాదు. నమ్మి వండినోళ్లకు ఖాళీ డబ్బా సూపిచ్చుడే సిగ్గు."