పుట్టుమచ్చ లేని ఫొటోలు

ఫొటో స్టూడియోలో ఎడిటింగ్ చేసే ఆవిడని అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఆవిడది సుఖమైన పని. ఒక ఫొటో తీసుకుని, సైజు తగ్గించి, మొహం మీద మచ్చలు తుడిచి, ఆ వరసంతా కంప్యూటరుకి నేర్పి, మిగతా ఫోల్డరంతా దానికి అప్పజెప్పేస్తుంది. దాన్నే బ్యాచ్ అంటారు. ఇక ఫొటోలు వాటంతట అవే తెర మీదికి వస్తాయి, చిన్నవవుతాయి, వెళ్లిపోతాయి. కర్టెన్లు దించిన గదిలో మధ్యాహ్నం పూట చెంపకి చెయ్యి చేర్చి చూస్తూ కూర్చుంటే, తను పడవలో పోతున్నట్టూ, ఎవరెవరో ఒడ్డున నిలబడి తనని చూస్తున్నట్టూ పిన్నికి అనిపిస్తుంది.

ఆ రోజు అలా తేలిపోయినవన్నీ కవల పిల్లల మొహాలు. వీధి చివర బట్టలు కుట్టే ఆమె కూతుళ్లు, పది నిమిషాల తేడాతో పుట్టిన పెద్దదీ చిన్నదీ. పెద్దదానికి కుడి కంటి కింద పుట్టుమచ్చ. చూసేవాళ్లకి ఆ ఒక్క మచ్చే ఆనవాలు. ఆ పెద్దదే కిందటేడు జ్వరమొచ్చి, తొమ్మిదేళ్లకే పోయింది. పాడైపోయిన పాత ఫోనులోని నాలుగు వందల ఫొటోలూ తల్లి పెన్ డ్రైవులో తెచ్చి, అన్నీ చిన్నవి చేసి కొత్త ఫోనులో పెట్టివ్వమంది. పెద్దదాని ఫొటో ఒక్కటి మాత్రం గోడకి పెట్టుకునేంత పెద్దది కావాలంది.

స్టూడియోలో మొదటి రోజే నేర్పే మాట ఒకటుంది. ముందు నకలు తీసుకో, ఆ తర్వాతే బ్యాచ్ వెయ్యి. పదకొండేళ్లుగా పిన్ని ఆ మాట తప్పలేదు. పిల్లలిద్దరూ ఒకరి జడ ఒకరు పట్టుకుని నవ్వుతుంటే మురిసిపోయి, ఆ రోజు మాత్రం పెన్ డ్రైవు మీదే బ్యాచ్ వదిలేసింది. అదేం మైమరపో! నాలుగు వందలూ అరచేయంత అయిపోయాయి. మచ్చలు తుడవమంటే కంప్యూటరు పుట్టుమచ్చనీ తుడిచేసింది. ఎవరు పెద్దదో ఎవరు చిన్నదో తెలియకుండా, నున్నటి మొహాలతో ఇద్దరూ నవ్వుతున్నారు.

పిన్ని చప్పున ముందుకి వంగింది. పాతవి వెనక్కి రప్పించే ఉపాయాలన్నీ చేసి చూసింది. ఒక్కటీ రాలేదు. మచ్చ మళ్లీ పెట్టడం ఆవిడకి చిటికెలో పని. ఏ పిల్లకి పెట్టాలో తెలిస్తే కదా! ఏదో ఒక పిల్లకి పెట్టేసి ఊరుకుందామన్న పాడు బుద్ధి కూడా ఒక్క క్షణం పుట్టింది, దాచడమెందుకు. కానీ పోయిన పిల్ల మచ్చని బతికున్న పిల్ల మొహాన పెట్టడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం తల్లి వచ్చింది, మెడలో టేపు తీయకుండానే. పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పి, గోడకి పెట్టేంత పెద్దది ఇక రాదని కూడా చెప్పి, తల వంచుకుంది. నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెర తన వైపు తిప్పమంది.

మొదటి ఫొటోకే వేలు పెట్టి చూపించింది. పెద్దదాని కుడి భుజం కాస్త కిందికి ఉంటుందట. అది కనబడకుండా దాని గౌన్లన్నిటికీ ఆ భుజం దగ్గర పల్చగా దూది పెట్టి కుట్టేదట. కుట్టిన చేతికి ఆ ఎత్తు తెలియకపోతుందా? ఇది పెద్దది, ఇది చిన్నది అని ఆమె చెబుతుంటే, పిన్ని ఒక్కొక్క మచ్చే తిరిగి పెడుతూ పోయింది. గదిలో వెలుతురు మెల్లగా తగ్గింది. లైటు వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

నీలి రంగు గౌన్ల ఫొటో దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఇందులో మచ్చ ఇటుపక్క పిల్లకి ఉండేది పిన్నీ. వందసార్లు చూసుకున్న ఫొటో ఇది," అంది. "కానీ జారిన భుజం అటుపక్క పిల్లది. మచ్చ చూసి ఊరుకున్నాను గానీ, భుజాలు ఎప్పుడూ చూళ్లేదు."

పిన్నికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. గడుగ్గాయిలు దూది పెట్టిన గౌనూ, పెట్టని గౌనూ మార్చుకున్నారు. పెద్దది మచ్చ మీద పౌడరు అద్దుకుంది, చిన్నది పెన్నుతో మచ్చ పెట్టుకుంది. కన్నతల్లినే బురిడీ కొట్టించారు. ఆ మాటే పైకి అంది.

తల్లి నవ్వలేదు. ఆ ఫొటో తీసిన రోజే మిషను నూనె కొత్త గుడ్డ మీద ఒలికిందనీ, చిన్నదే ఒలకబోసిందనుకుని మచ్చ లేని పిల్లని పట్టుకుని బాదేశాననీ మెల్లగా చెప్పింది. పొద్దుగూకేసరికి కొట్టినందుకు మనసు ఆగక, స్నానంలో పెన్ను మచ్చ కడిగేసుకొచ్చిన చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేసిందట.

"దెబ్బలు పెద్దదానికి పడ్డాయి. ముద్దులు చిన్నదానికి దక్కాయి," అంది. "పెద్దది గుమ్మంలో నిలబడి చూసింది. నోరు విప్పలేదు."

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ ఫొటో ఎంత పెద్దగా వస్తే అంత పెద్దగా తీసిస్తానంది. ఆమె వినిపించుకోలేదు. చూపు ఇటుపక్క పిల్ల మీదికి, చిన్నదాని మీదికి తిరిగింది.

"చిన్నదానికి తెలుసు కదా పిన్నీ. అక్క పోయాక ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? ఏడాదిగా నేను దగ్గరికి తీసుకోబోతే తప్పించుకుని పోతోంది. నా మీద కోపమనుకున్నాను. అక్కకి రావాల్సిన ముద్దులు తను తీసుకున్నానని కుమిలిపోతోంది కాబోలు."

అంటూనే లేచింది. పెన్ డ్రైవు మాట మర్చిపోయింది. పిన్ని పిలిచేలోగా మెట్లు దిగి, ఇంటివైపు పరుగందుకుంది.