గడప దాటేదాకా

"ఒత్తక్కా, ఒత్తు! చెయ్యి ఆపినవంటే ఈడనే పోతడు!"

ఆస్పత్రి వ్యాను డ్రైవరు క్రాంతి అరుపుకు యాదవ్వ ఉలిక్కిపడి మళ్లీ సంచి ఒత్తింది. స్ట్రెచర్ మీద ఆమె భర్త ఎల్లన్న. అతని గొంతులోకి దించిన గొట్టానికి రబ్బరు సంచి తగిలించి ఉంది. ఒత్తితే ఛాతీ లేస్తోంది, వదిలితే పడిపోతోంది. ఆ మనిషి ఊపిరి మొత్తం యాదవ్వ రెండు చేతుల్లో ఉంది.

మిట్టమధ్యాహ్నం. సిద్దిపేటలోని ఆ నాలుగంతస్తుల ప్రైవేటు ఆస్పత్రి గేటు ముందు ఎండ మండిపోతోంది. వ్యాను తలుపు పట్టుకుని నవత నిలబడి ఉంది. ఆమె చేతిలో ట్యాబ్ ఉంది. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ తరఫున ఆమె సర్వే చేస్తోంది. పేద రోగులకు ఏ ఆస్పత్రిలో ఎంత ఖర్చవుతోంది, చికిత్స తర్వాత వాళ్లు ఏమవుతున్నారు అన్నది ఆ సర్వే.

పద్నాలుగో ప్రశ్న: రోగి ఆస్పత్రి నుంచి ఎలా వెళ్లారు? కోలుకుని వెళ్లారు, వేరే ఆస్పత్రికి పంపారు, సొంత ఇష్టం మీద వెళ్లారు, మరణించారు. ఈ నాలుగింటిలో మూడోది నొక్కితే ఫారం అక్కడితో ముగిసిపోతుంది. రోగి 'ప్రాణంతో వెళ్లినవారి' జాబితాలో చేరిపోతాడు. పదకొండు నెలల్లో నవత ఈ ఒక్క గేటు దగ్గరే దాన్ని నలభై సార్లు నొక్కింది. ఇప్పుడూ ఆమె వేలు దాని మీదికే వెళ్లింది.

అప్పుడు ఎల్లన్న కళ్లు తెరిచాడు. నవతను చూశాడు. చావబోయేవాడి చూపులా లేదది. దాహమేసిన మనిషి చూపులా ఉంది.

"అక్కా, డాక్టరు బతకడన్నడా?" అని అడిగింది నవత.

"గట్ల అనలే. మీ ఇష్టం అన్నడు. పత్తికి మందు కొడుతుంటే ఒంట్లకెక్కింది, నాలుగు దినాలాయె. లోపల బల్ల మీద కూసున్న పెద్దాయన చెప్పిండు. ఈడ పానం పోతే శవాన్ని ఇంట్లకు రానియ్యరు బిడ్డా, వాకిట్ల ఎండల పండవెడ్తరు, ఊపిరి ఉండంగనే తీస్కపో అన్నడు."

"మరి ఈ సంచి?"

"ఇంటిదాక ఒత్తుమన్నరు." యాదవ్వ మళ్లీ ఒకసారి ఒత్తింది. "గడప దాటినంక ఆపుమన్నరు."

నవత ట్యాబ్‌ను భుజాన ఉన్న బ్యాగులో పడేసి వ్యాను ఎక్కింది. "క్రాంతన్నా, సర్కారు దవాఖానకు పోనియ్."

"నాకు ఈల్ల ఊరు అక్కన్నపేట అని రాసిచ్చిన్రు మేడం. రేపు నన్ను తీసేస్తే నౌకరి నువ్విస్తవా?"

"నౌకరి ఇయ్యలేను. ఈయన తొవ్వల పోతే మాత్రం పోలీసుస్టేషన్ల నీ పేరు ఇస్త."

"అబ్బో! ఆ ముక్క ముందే చెప్పొద్దా!" క్రాంతి గేరు మార్చాడు.

"వద్దు బిడ్డా!" యాదవ్వ ఏడుపందుకుంది, కానీ చేతులు ఆపలేదు. "రోడ్డు మీద పోతే ఎట్ల? నా తోడికోడలు నన్ను బతకనిస్తదా? కట్టుకున్నోన్ని ఇంటికి తేలేకపోయిందని ఊరంత చాటుతది."

"బతికినంక తెద్దాం అక్కా. నడిపిచ్చుకుంట తెద్దాం."

పది నిమిషాల్లో సర్కారు దవాఖాన వచ్చింది. డ్యూటీ డాక్టరు దేవిక ఎల్లన్నను చూసి, కాగితాలు తిరగేసి తలెత్తింది. "ఈ విషానికి విరుగుడు ఉంది. పది, పదిహేను రోజులు మిషను మీద ఉంచాలి. మామూలుగా బతకాల్సిన కేసు ఇది. ఇంటికి తీసుకెళ్లమన్నది ఎవరు?"

ఆ ప్రశ్న నవతను ఇంటిదాకా వెంటాడింది.

మర్నాటి నుంచి ఆమె పాత ఫోన్ నంబర్లు బయటికి తీసింది. సొంత ఇష్టం మీద వెళ్లిన నలభై మందినీ వరసగా పిలిచింది. మూడు రోజులు పట్టింది. నలభైలో ముప్పయ్యారు మంది లేరు. వాళ్లలో ఎక్కువ మంది అదే రోజు, ఇల్లు చేరిన కాసేపటికే పోయారు. ఆస్పత్రి రిజిస్టరులో, నవత సర్వేలో మాత్రం అందరూ ప్రాణంతోనే ఉన్నారు.

ఇంటికి తీసుకెళ్లమన్నది ఎవరంటే ఒక్కరూ డాక్టరు పేరు చెప్పలేదు. అందరూ ఒకే మనిషి ఆనవాలు చెప్పారు. నుదుట మల్లన్న గుడి పసుపు బండారి, వేలికి వెండి ఉంగరం, భుజాన గళ్ల తువ్వాల. అతడూ ఎవరో రోగి తాలూకు బంధువే అనుకున్నారు.

కోహెడ నుంచి సిద్ధమ్మ అనే ముసలామె ఇంకో మాట కలిపింది. "దేవునసొంటి మనిషి బిడ్డా. నా కొడుకు కోసం నాతోని పాటు ఏడ్చిండు. వాళ్ల బావ భివండిల మగ్గాలు నడిపి నడిపి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నడట. ఆయనను గూడ గిట్లనే పానముండంగ తొగుటకు తీస్కపోయిన్రట. నిమ్మళంగ ఇంట్లనే పోయిండట."

భివండి. ఊపిరితిత్తులు. తొగుట. అది నవత తండ్రి లక్ష్మీరాజం కథ. నిరుడు ఆయనను చేర్చింది కూడా ఆ ఆస్పత్రిలోనే; ఆమె హైదరాబాదులో పరీక్షలు రాసి ఇల్లు చేరేసరికే అంతా అయిపోయింది.

తండ్రి దినాలనాడు తీసిన ఫొటో ఒకటి ఫోనులో ఉంది. తండ్రిని బావ అని పిలిచేవాడు, ఎప్పుడూ నుదుట బండారితో ఉండేవాడు పెద్ద మేనమామ; అతని మొహం వరకు కత్తిరించి యాదవ్వకు పంపింది. నిమిషంలో ఫోన్ మోగింది.

"గీయనే బిడ్డా! నీకెట్ల ఎరుక?"

*

మేనమామ రాజమల్లయ్య ఆ ఆస్పత్రి మొదటి అంతస్తులో, ఐసీయూ ఎదుటి బల్ల మీదే దొరికాడు. మేనకోడలిని చూడగానే అతని మొహం విప్పారింది.

"ఏంది కోడలా, తిన్నవా? రా, కూసో."

"ఈడ నీ మనిషి ఎవరున్నరు మామా?"

అతడు టిఫిను డబ్బా మూత నెమ్మదిగా బిగించాడు. దాచాలని కూడా ప్రయత్నించలేదు. "మా కొడుకు శ్రావణ్‌కు కింద మందుల దుకాణంల నౌకరి ఇచ్చిండు గీ దవాఖాన యజమాని. నన్ను గీడ కూసోమన్నడు, కూసున్న. ఏడ్చేటోల్లకు రెండు మంచి మాటలు చెప్త. అబద్ధమేమన్న చెప్పిన్నా? శవాన్ని ఇంట్లకు రానిస్తరా మనూర్ల?"

"అట్ల పంపినోల్లల్ల బతికేటోల్లు ఉన్నరు మామా."

"గది డాక్టర్లకు తెల్వాలె గని నాకేం ఎరుక?"

"మా బాపును గూడ నువ్వే పంపినవు."

రాజమల్లయ్య మొదటిసారి చూపు తిప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మెత్తగా అన్నాడు. "నా పేరు బయట చెప్త అంటవు గావచ్చు. చెప్పు. మరి మీ అవ్వకేం చెప్తవు? తొగుట దాక సంచి ఒత్తింది నా చెల్లె. గడప దాటినంక ఆపింది గూడ నా చెల్లెనే. గది తెలిసి బతుకుతదా?"

కత్తి చూపి బెదిరించేవాడిని ఎదిరించవచ్చు. తల్లిని చూపి బెదిరించేవాడిని ఏం చేయాలి?

మూడు వారాలు నవత నోరు విప్పలేదు. ఈలోగా జిల్లా అధికారుల ముందు సర్వే ఫలితాల సమావేశం ఖరారైంది. అన్నిటికన్నా తక్కువ మరణాలు ఆ నాలుగంతస్తుల ఆస్పత్రిలోనే అని నివేదిక తేల్చింది. కాబట్టి జిల్లాలోని పేద రోగులను ముందుగా అక్కడికే పంపాలని సిఫారసు చేసింది. అంటే రేపటి నుంచి ఆ బల్ల ముందుకు వచ్చే యాదవ్వలు పదింతలవుతారు. ఆ దారి వేసింది నవత వేలే.

సమావేశానికి ముందు రోజు ఆమె తొగుట వెళ్లింది. తల్లి అనసూర్య వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నవత అంతా చెప్పింది. తల్లి వేళ్లు ఆగలేదు. ఆకు, పొగాకు, దారం, ఆకు, పొగాకు, దారం. చివరికి ఒక్కటే అడిగింది.

"గా అక్కన్నపేటాయన బతికిండా?"

"బతికిండవ్వా. మొన్ననే ఇంటికి పోయిండు. తన కాళ్ల మీద."

వేళ్లు ఆగాయి. అనసూర్య తన అరచేతులు తిప్పి చూసుకుంది. తర్వాత చాట పక్కన పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

*

సమావేశంలో ముందు వరుసలో ఆ ఆస్పత్రి యజమాని డాక్టర్ భానుప్రకాశ్ నవ్వుతూ కూర్చున్నాడు. పరిశోధన బృందానికి పెద్ద అయిన సుచిత్ర వేదికెక్కింది, కానీ నివేదిక తెరవలేదు. ఆ ఉదయమే నవత ఇచ్చిన నలభై పేర్ల కాగితం తెరిచింది.

"ఈ సిఫారసు వెనక్కి తీసుకుంటున్నాను," అంది. "తప్పు నాతోనే మొదలైంది. పద్నాలుగో ప్రశ్న రాసింది నేను. గేటు దాటేటప్పుడు ఊపిరి ఉందా అని అడిగాను. ఇంటికి పోయాక ఉందా అని అడగలేదు. ముప్పయ్యారు మంది చనిపోతే నా లెక్కలో ఒక్క చావూ లేదు. అయ్యా, పేదవాడి చావును లెక్కలోంచి తీసేస్తే, దానికి కారణమైనవాడూ లెక్కలోంచి తప్పించుకుంటాడు. రోగి ఎక్కడ పోయాడని మాత్రమే అడిగి, ఎందుకు పోయాడని అడగని చదువు ఎంత పెద్దదైనా అది హంతకుడికి సాక్ష్యం చెప్పినట్టే."

హాలులో గుసగుసలు లేచాయి. భానుప్రకాశ్ తాపీగా నిలబడ్డాడు.

"ఎవరినీ మేం పంపలేదు మేడం. వాళ్లే సంతకం పెట్టి తీసుకెళ్లారు. కారిడార్లో ఎవరో పెద్దమనిషి ఏదో చెప్పాడట, దానికి మేమా బాధ్యులం? ఆయన మా మనిషి కాదు. అసలు అలాంటి మనిషే ఉంటే, పేరు చెప్పమనండి."

అందరి చూపూ నవత మీదికి తిరిగింది. ఆమె లేచింది. నోరు తెరిచింది. మామ మాట, తలుపు వేసుకున్న తల్లి గుర్తొచ్చి ఆగిపోయింది. భానుప్రకాశ్ మొహంలోకి మళ్లీ నవ్వు వస్తోంది.

"నేను చెప్త."

వెనక వరుస నుంచి వచ్చింది ఆ గొంతు. అనసూర్య. ఎప్పుడు బస్సెక్కిందో, ఎప్పుడొచ్చి కూర్చుందో నవతకు తెలియదు. ఆమె పక్కన యాదవ్వ, ఆ పక్కన చేతికర్ర పట్టుకుని ఎల్లన్న ఉన్నారు. అనసూర్య నడుచుకుంటూ ముందుకొచ్చి, పొగాకు మరకలున్న రెండు చేతులూ అధికారుల ముందు చాపింది.

"నా మొగన్ని గీ చేతులతోనే ఇంటిదాక బతికిచ్చిన. గీ చేతులతోనే ఆపిన. ఊపిరి ఉండంగ కొండవోయి ఇంట్ల ఆపుమని నాకు చెప్పినోడు రాజమల్లయ్య. నా తోడవుట్టిన అన్న."

ఆమె చెయ్యి నెమ్మదిగా ముందు వరుస వైపు తిరిగింది.

"మా అన్నను గా బల్ల మీద కూసోవెట్టినోడు గీ డాక్టరు, భానుప్రకాశ్. రాసుకోన్రి."