గాలి తియ్యను

టైర్ల దుకాణం ముందు పికప్పు ఆపి, ఆమె దిగి వెళ్లి అవతలి తలుపు తెరిచింది. నాన్న ముందు కర్ర దించాడు, తర్వాత మంచి కాలు, ఆ తర్వాత అవిటి కాలిని రెండు చేతులతో ఎత్తి దించుకున్నాడు. ఆమె భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ఇంట్లో ఆమెను మొండి అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది ఆయనే. అద్దంలో చూసుకుంటూ పెట్టాడని అమ్మ అంటుంది.

ఆ రోజు ఐసు ఫ్యాక్టరీకి సెలవు. లేకపోతే ఈపాటికి ఆమె చేపల మార్కెట్టులో ఐసు దిమ్మలు దించుతూ ఉండేది. ఫ్యాక్టరీ నుంచి మార్కెట్టుకు చెట్టన్నది లేని పొడుగాటి తారు రోడ్డు. కిందటి వారం ఆ రోడ్డు మీదే వెనక టైరు పేలింది. బండి మెలికలు తిరిగి పక్కనున్న ఇసుకలోకి దిగి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దిమ్మలు మాత్రం రోడ్డు మీదికి జారిపోయి, ఆమె చూస్తుండగానే నీళ్లయిపోయాయి.

నాన్న ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశాడు.

"గాలి సరిగ్గా తీసుండవు. ఇంకోసారి టైరు పేలిందా, తాళాలు మీ బావకిచ్చేస్తా. నువ్వు ఇంట్లో కూర్చో."

బావ, అంటే అక్క మొగుడు, కంచంలోంచి తల ఎత్తకుండా, "నేనైతే అడగలేదు సుమా," అన్నాడు. అడగనివాడు ఆ మాట అంత తొందరగా అనడు.

గాలి తీయడం వాళ్లింటి ఆనవాయితీ. సగం దారిలో ఉన్న టీ బడ్డీ దగ్గర బండి ఆపి, వేడెక్కిన నాలుగు టైర్లలోంచీ కొంత కొంత గాలి వదిలెయ్యాలి. ఎండకు గాలి ఉబ్బుతుంది, ఉబ్బితే పేలుతుంది, కాబట్టి తీసెయ్యాలి. ఇదీ నాన్న లెక్క. ఆయన కాలు పోయింది టైరు పేలే. ఆనాటి నుంచి ఆయనకు గాలంటే పగ. పొద్దున మళ్లీ కొట్టిద్దామంటే, "మధ్యాహ్నం ఎలాగూ తియ్యాలిగా, ఎందుకు దండగ?" అనేవాడు.

ఆమె రోజూ మోకాళ్ల మీద కూర్చుని, వాల్వులోని పుల్లను గోటితో నొక్కేది. రబ్బరు వాసనతో వేడిగాలి సుయ్‌మని చెంపకు కొట్టేది. బెంచీ మీది నుంచి నాన్న "చాలు" అనేదాకా నొక్కుతూనే ఉండేది. ఎంత తియ్యాలన్నది ఆమె వేలికి ఎప్పుడూ తెలియలేదు. ఆయన గొంతుకే తెలుసు.

టైరు పేలిన రోజు నాన్నకు జ్వరం, బండిలో రాలేదు. చాలు అనే మనిషి లేడు. తక్కువ తీస్తే ఏమవుతుందోనన్న భయంతో ఆమె రోజూ తీసేదానికంటే ఎక్కువే తీసింది. ఈ ముక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం ఎందుకో తనకే అంతుపట్టలేదు. ఎక్కువ తీసినా పేలిందని చెబితే నాన్న మాట తప్పవుతుంది. ఆయన తప్పవడం కంటే తాను తప్పు చేసినట్టు ఉండటమే వారం రోజులుగా ఆమెకు సుఖంగా ఉంది. ఆ సుఖం సంగతి తెలిశాక మాత్రం ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది.

దుకాణం బాబాయ్ నాన్నకు పాత స్నేహితుడు. కుర్చీ వేసి, ఫ్యాను ఆయన వైపు తిప్పి, "ఏం కావాలన్నా?" అన్నాడు. బండి తోలేదెవరో ఆయనకు తెలుసు. అయినా అడగాల్సింది నాన్ననే అనుకున్నాడు.

"మెత్తగా, మందంగా ఉండేవి చూడు," అన్నాడు నాన్న. "పైన గాడుల పువ్వు లోతుగా ఉండాలి."

బాబాయ్ ఎండలో పడి ఉన్న వాటిలోంచి ఒకటి దొర్లించుకొచ్చాడు. పెద్ద పెద్ద బుడిపెలతో, పొగరుబోతు గిత్తలా ఉంది.

"ఇది చూడమ్మాయ్! రోడ్డు మీద పోతుంటే జనం పక్కకు తప్పుకోవాలి."

"తప్పుకుంటారు బాబాయ్, ఆ చప్పుడుకి. ఇది బురదలో తిరిగే బండికి. నేను తోలేది కాలే తారు మీద." ఆమె వంగి టైరు పక్కగోడ మీద బొటనవేలితో దుమ్ము తుడిచింది. చివర, తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెలు కనిపించాయి. "అబ్బో, దీని వయసు చూశావా? నీ దగ్గరే పుట్టి పెరిగినట్టుంది."

"టైరుకి పుట్టినరోజు చేస్తావా ఏంటి? కేకు తెప్పించనా?"

"కొవ్వొత్తులు చాలవు. చూడు, ఎండకి అప్పుడే నెర్రెలిచ్చింది."

నాన్న కర్రతో నేల మీద కొట్టాడు. "వాడు ఇచ్చింది తీసుకో. టైరులో ఏముందే? అంతా గాలి తియ్యడంలో ఉంది."

అప్పటికి పనివాడు పికప్పును జాకీ మీద ఎత్తి, పాత టైర్లు ఊడదీసి గోడకు ఆనించాడు. ఆమె వాటి దగ్గరికి నడిచింది. మొదటిదాని మీద ఒక అంచు నుంచి మరో అంచుకు అరచెయ్యి నడిపింది. అంచు నున్నగా, బోడిగుండులా ఉంది. మధ్యకు వచ్చేసరికి గాడులు వేళ్లకు తగిలాయి. మళ్లీ అవతలి అంచు నున్నన. రెండోదీ అంతే. మూడోదీ అంతే. గాలి చాలక మధ్య భాగం లోపలికి పోయి, బరువంతా అంచుల మీదే నడిచింది. ఇన్నాళ్లూ తన కళ్ల ముందే అరిగాయి. కళ్లు తన దగ్గరే ఉన్నాయి, చూపు మాత్రం బెంచీ మీద కూర్చున్న ఆయన దగ్గర ఉండిపోయింది.

"నాన్నా, ఇలా రా. చెయ్యి పెట్టు."

"నాకు కనబడుతోంది."

"కనబడటం కాదు. చెయ్యి పెట్టు."

ఆయన లేవలేదు.

"ఆ రోజు నేను గాలి తియ్యలేదనేగా నీ బాధ? తీశాను. నువ్వు చెప్పేదానికంటే ఎక్కువే తీశాను. గాలి తక్కువై టైరు నలిగింది. నలిగి కాలింది. కాలి పేలింది. నీ మాట విననందుకు కాదు నాన్నా, విన్నందుకు పేలింది."

బాబాయ్ మెడ మీది తువ్వాలు తీసి, అవసరం లేకపోయినా మొహం తుడుచుకున్నాడు.

"కాలు పోయింది నాది," అన్నాడు నాన్న మెల్లగా. "నువ్వు నాకు చెప్తావా?"

ఆ కాలి ముందు ఇంట్లో ఎవరి మాటా నిలబడదు. భయానికి ఒక గుణం ఉంది, అది తన పేరు అనుభవం అని చెప్పుకుంటుంది. ఆయన అబద్ధం చెప్పడంలేదని ఆమెకు తెలుసు. అయినా ఈసారి ఆ కాలి వైపు చూడకుండా బాబాయ్ వైపు తిరిగింది.

"నిలువు గాడులవి చూపించు. బరువు ఎక్కువ మోసేవి, పొరలు ఎక్కువున్నవి. లోపల నీడలో పెట్టినవి, కొత్తగా వచ్చినవి. నాలుగూ ఒకటే రకం."

"అన్నా?" అన్నాడు బాబాయ్.

"ఆయన్ని కాదు బాబాయ్, నన్నడుగు. తోలేది నేను."

బాబాయ్ నాన్న మొహాన్నీ, ఆమె మొహాన్నీ చూసి, గొణుక్కుంటూ లోపలికి వెళ్లాడు.

మర్నాడు చల్లటి వేళలోనే ఆమె బండి తలుపు అంచున కంపెనీవాళ్లు రాసినంత గాలి కొలిచి కొట్టించింది. దిమ్మలు ఎక్కించి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. ఆయన వస్తానంటే వద్దనలేదు. టీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి తారు మీద వేడి నీళ్లలా మెరుస్తోంది. ఆయన టీ కోసం ఆమె బండి ఆపింది.

"ఏంటక్కా, ఇవాళ సుయ్ లేదా?" అన్నాడు టీ అతను.

"లేదు."

"తియ్యి," అన్నాడు నాన్న.

"తియ్యను."

"చెయ్యి వేసి చూడు, ఎలా కాలుతోందో!"

"ఎండలో కాలకపోతే ఏం చేస్తుంది? గాలి కాస్త పెరుగుతుంది, పెరగనీ. ఆ లెక్కతోనే చేశారు దాన్ని."

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టి, కర్ర ఊతంతో వెనక టైరు వైపు కదిలాడు. ఆమె ముందే వెళ్లి టైరుకు పిక్కలు ఆనించి నిలబడింది. బట్టల్లోంచి వేడి చురుక్కుమంది. అంత దగ్గరగా ఆయన కళ్లు చూసి చాలా కాలమైంది. వాటిలో కోపం కోసం వెతికింది. కానీ అక్కడున్నది వట్టి భయం. దాన్ని చూసి ఆమెకు జాలి కలిగింది. పక్కకు మాత్రం జరగలేదు.

"పేలుతుందే," అన్నాడు.

"పేలితే తాళాలు నీకే ఇస్తా. బావకి కాదు, నీకు. ఎక్కు, పోదాం."

"నేనెక్కను."

"సరే, ఇక్కడే బడ్డీ నీడలో కూర్చో. దించేసి వచ్చి తీసుకెళ్తా."

"మొండీ!"

"ఆఁ, నేనే."

దిమ్మలు కరుగుతున్నాయి, బండి వెనక నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆమె ఎక్కి కూర్చుంది. తాళం తిప్పింది. బండి రోడ్డెక్కి, వేగం పుంజుకుని, నిలకడగా సాగింది.

అద్దంలో చూసింది. నాన్న నీడ వదిలి రోడ్డు అంచుకు వచ్చి నిలబడ్డాడు. కర్రను చంకలో ఇరికించుకుని, పేలే చప్పుడు వినకూడదని, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు.

బండి బాగానే పోతోందని చెప్పినట్టు ఆమె హారన్ మోగించింది. చెవులు మూసుకున్నవాడికి వినబడదని తెలుసు. ఆయన చుక్కంత అయ్యేదాకా మోగిస్తూనే ఉంది.