ఒక అంగుళం వదులు

ఈ ఎర్ర పెన్నులో సిరా ఒక్క నిమిషం ముందు అయిపోయి ఉంటే ఎంత బాగుండేది, కొట్టేద్దామనుకున్నాను గానీ పెన్ను రాయలేదు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని, కానీ కొత్త పెన్ను, పొద్దున్నే తీసుకున్నది, గీత ఎంత నున్నగా పడిందో, నూట పన్నెండో పేజీలో కింది నుంచి నాలుగో వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా, పక్కన అంచులో అనవసరం అని నా చేతిరాత, ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతున్న చేతిరాత, దాన్ని చూసి ఎందుకు అని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు, సంపాదకుడు కూడా ఆవిడ కొట్టేసిందంటే కొట్టేసినట్టే అంటాడు, పన్నెండింటికి డీటీపీ ఆమె వచ్చి ఈ కాగితాల కట్ట పట్టుకుపోతుంది, కంప్యూటర్లోంచి ఆ వాక్యం తీసేస్తుంది, మధ్యాహ్నానికి పుస్తకం అచ్చుకి వెళ్ళిపోతుంది, ఇప్పుడు పదకొండు దాటి పది నిమిషాలు, అది అనవసరమైన వాక్యం కాదు, పుస్తకం మొత్తంలో అంత మంచి వాక్యం ఇంకోటి లేదు. అందుకే కొట్టేశాను.

చెల్లెలిది ఈ పుస్తకం, పరాయిదాని పుస్తకమైతే ఇంత మండేది కాదు, నా తోడబుట్టినదాని పుస్తకం, ఇంట్లో అందరం చిన్నది అని పిలుస్తాం, పదో తరగతి రెండుసార్లు తప్పి కుట్టుమిషను ముందు కూర్చున్న చిన్నది, వీధి వైపు గదిలో బట్టలు కుట్టే దుకాణం పెట్టుకున్న చిన్నది, అది రాసిందట, నూట ఎనభై పేజీలు, దుకాణానికి కొలతలు ఇవ్వడానికి వచ్చే మనుషుల గురించి, మరి నేనేమిటి, రచయిత్రి గారిని నేను కదా, నాన్న పెట్టిన పేరది, ఎనిమిదో ఏట మా అత్తకి నేను రాసిన ఉత్తరాన్ని వచ్చిన వాళ్ళందరికీ చదివి వినిపించి ఇదిగో మా రచయిత్రి గారు అన్నాడు, అప్పుడు చిన్నది గుమ్మంలో కూర్చుని గుండీలు దారానికి గుచ్చుకుంటోంది, తలెత్తి చప్పట్లు కూడా కొట్టింది, పిచ్చిది, దానికి ఆ వయసులోనే నామీద ఏడవడం రాలేదు, నాకు ఈ వయసులో కూడా దానిమీద ఏడవకుండా ఉండటం రావడం లేదు, ఇంట్లో ఒకళ్ళకి ఒకటి రాసిపెట్టి ఉన్నప్పుడు ఇంకొకళ్ళు వచ్చి దానిమీద కూర్చోవచ్చా, దానికి కత్తెర ఉంది కదా, చక్రంలా తిరిగే ఆ చేతులున్నాయి కదా, నా అక్షరాలే కావలసి వచ్చాయా. మళ్ళీ ఆ వాక్యమే కళ్ళ ముందుకు వస్తోంది, గీత కింద నుంచి కూడా చక్కగా కనిపిస్తూనే ఉంది, కొలతలు తీసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టి నిలబడే వాళ్ళకి ఒక అంగుళం వదులుగా కుడతాను, ఇంటికి వెళ్ళాక ఊపిరి తీసుకోవాలి కదా. ఇంతే. ఒక్క పెద్ద మాట లేదు, ఎక్కడి నుంచి తెచ్చింది దీన్ని, నేను ఆ గదిలో ఎన్నిసార్లు కూర్చున్నాను, దాని చేతిలో టేపు ఎన్నిసార్లు చూశాను, మనుషులు ఊపిరి బిగబడతారని నాకెందుకు కనిపించలేదు.

పోనీ, ఈ మంట నేనే పెట్టుకున్నది, మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం, మా ఆయన చొక్కాకి కాలరు తిప్పి కుట్టి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, అక్కా నవ్వకు, నాక్కూడా ఏదైనా రాయాలనుందే, ఎలా మొదలెడతారు అని అడిగింది, నవ్వు ఆపుకోవడానికి నేను పడిన పాట్లు నాకు తెలుసు, ఆ తర్వాత దానికి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను, చెప్పేటందుకే నీతులున్నాయి కదా, రోజూ ఒక పేజీ రాయాలి, తెల్లవారుజామున ఐదున్నరకి కూర్చోవాలి, ఎవరితోనూ మాట్లాడకముందే రాయాలి, బాగుందా లేదా అని వెనక్కి తిరిగి చూడకూడదు, నేను ఎనిమిదేళ్ళుగా అలాగే రాస్తున్నాను, అన్నాను, ఐదున్నర అనే మాట నా నోట్లోకి ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకే తెలియదు, నేను ఏడింటికి ముందు లేచిన పాపాన పోలేదు, అది మాత్రం కొలత రాసుకున్నట్టు శ్రద్ధగా విని, అయితే ఒక పని చేద్దామక్కా, నేను కూర్చోగానే నీకొక రింగిచ్చి కట్ చేస్తాను, నువ్వూ కూర్చున్నావని తెలియడానికి నాకొక రింగివ్వు, ఎత్తకు, మాట్లాడొద్దన్నావుగా, అంది. మర్నాడే మొదలైంది, ఐదున్నర, ఒక్క రింగు, చీకట్లో తలగడ పక్కన ఫోను వెలిగింది, నేను దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి ఒక రింగిచ్చి అటు తిరిగి పడుకున్నాను, ఆ మర్నాడూ అంతే, వానలకీ చలికీ అంతే, రచయిత్రి గారూ ఇవాళ్టి రాత అయిపోయిందా అని మా ఆయన నిద్రలోనే వెక్కిరించేవాడు, మూడేళ్ళు, నేను జీవితంలో క్రమం తప్పకుండా పాటించిన సాధన అదొక్కటే.

రాయలేదా అంటే రాశాను, సెలవు రోజుల్లో బల్ల ముందు కూర్చుంటాను, నల్ల అట్ట పుస్తకం తీస్తాను, నా నవల, అందరికీ మూడొందల పేజీలు దాటిందని చెప్పిన నవల, అందులో ఉన్నది మొదటి పేజీ, ఒక్కటే, పదకొండేళ్ళుగా అదే, ఒక స్త్రీ తలుపు తీస్తుంది, మొదట తీసింది అని రాశాను, తర్వాత తెరిచింది అన్నాను, తర్వాత ఆ తలుపే ఎందుకనిపించి కిటికీ పెట్టాను, ఒక ఏడాది తర్వాత మళ్ళీ తలుపు, ఇది మా వృత్తికి పట్టుకునే జబ్బు, తప్పులేని కాగితమైతే గానీ కింద పెట్టబుద్ధి కాదు, ఇతరుల పుస్తకాలకి గడువుంటుంది కాబట్టి పెడతాను, నా దానికి గడువు పెట్టేవాళ్ళెవరు, మొదటి పేజీ నిర్దోషంగా వస్తే రెండో పేజీకి వెళ్దామని కూర్చున్నాను, ఆ స్త్రీ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది పాపం, కాళ్ళు పీక్కుపోతున్నాయేమో, ఈలోగా చిన్నది తప్పులతో, గజిబిజి వాక్యాలతో, చెప్పిందే మళ్ళీ చెప్తూ, కొలతల పుస్తకాల వెనక వైపు, మిషను మీది గుడ్డ తీయకముందే రోజుకో పేజీ రాసేసింది, వెయ్యి పేజీలు దాటాక అందులో బాగున్నవి ఏరి కుట్టింది, సంపాదకుడికి తీసుకెళ్ళి ఇచ్చింది నేనే, చదివి నవ్వి తిప్పి పంపేస్తాడని లోపల గట్టి నమ్మకంతో ఇచ్చాను, ఆయన వారం తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి, ఏమండీ మీ చెల్లెలిని ఇన్నాళ్ళు ఎక్కడ దాచారు అన్నాడు, నేను నవ్వాను, ఆ నవ్వు మొహం మీద ఎంతసేపు పట్టి ఉంచానో, సాయంత్రానికి బుగ్గలు నొప్పి పుట్టాయి.

ఫోను. చిన్నదే, తేలు కుట్టిన దొంగలా నూట పన్నెండో పేజీ మీద చెయ్యి కప్పేశాను, ఫోనులో దానికేం కనిపిస్తుందని, వెనక మిషను చప్పుడు ఆగింది, అక్కా ఎన్ని తప్పులున్నాయే, చాలా ఉన్నాయా, సిగ్గేస్తోందే నువ్వు దిద్దుతుంటే, కొట్టేయాలనిపించినవన్నీ కొట్టేసెయ్, నన్నడగక్కర్లేదు, నీకు తెలుసు నాకేం తెలుసు, అని ఒక్క గుక్కలో అనేసి, అంకితం చూశావా అంది, లేదే, ముందు పేజీలు చివర్న చూడటం మాకలవాటు అన్నాను, ఇప్పుడు చూడు అంది, కట్ట తిరగేశాను, తెల్లటి కాగితం మధ్యలో ఒకే ఒక్క వరుస, రోజూ ఐదున్నరకి నాతో పాటు రాసిన అక్కకి, అని ఉంది, అది ఇంకా మాట్లాడుతూనే ఉంది, నువ్వక్కడ రాస్తున్నావని తెలిసే నేనిక్కడ లేచేదాన్నే, లేకపోతే నా మొహానికి నాలుగు రోజుల్లో మానేసేదాన్ని కాదూ, జ్వరం వచ్చినప్పుడు మంచం మీంచే రింగిచ్చినా నీ రింగు తిరిగి వచ్చేది, అయ్యో అక్క కూర్చుందే అని లేచేదాన్ని, అవును గానీ నీ నవల ఎంత దాకా వచ్చింది, నా బోడి పుస్తకం గొడవలో పడి అడగనే లేదు. మూడొందల యాభై అని నాలుక చివరి దాకా వచ్చింది, కానీ కళ్ళు ఆ వరుస మీదే ఉన్నాయి, నాతో పాటు రాసిన, ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఊరికే వదలదు కదా, తప్పు కనిపిస్తే చెయ్యి పెన్ను కోసం వెళ్తుంది, పుస్తకమంతా వెతికి వెతికి లేని తప్పు నూట పన్నెండో పేజీలో పెట్టిన మనిషిని, ఉన్న ఒక్క అబద్ధమూ మొదటి కాగితం మీద నా కోసమే అచ్చవబోతోంది, వెయ్యిమంది చదువుతారు, అది నిజమనుకునే చదువుతారు.

ఇందులో ఒక తప్పుందే అన్నాను, అయ్యో ఏదీ అంది, నేను రాయలేదు అన్నాను, ఏం రాయలేదు అంది, ఏమీ రాయలేదే చిన్నదానా, ఒక్క రోజు కూడా ఐదున్నరకి కూర్చోలేదు, పడుకునే రింగిచ్చాను, దుప్పట్లోంచి, నవల లేదు, ఒక్క పేజీ ఉంది, అంతే, అని ఎక్కడా ఆగకుండా చెప్పేశాను, పక్క బల్ల ఆవిడ తలెత్తి చూసింది, చూడనీ అనుకున్నాను, ఇప్పుడు తిడుతుంది, తిట్టాలి, తిడితే బాగుంటుంది, ఇద్దరం సమానమవుతాం, తిట్టదేం ఇది, తర్వాత చిన్నగా, నిజంగానా, మూడేళ్ళూనా అంది, ఆఁ అన్నాను, నొచ్చుకుంది, ఎంత నొచ్చుకుందో నాకు తెలుసు, అది దాచుకోలేదు, కోపంగానే ఉందే నాకు, కనీసం జ్వరం వచ్చినప్పుడైనా చెప్పాల్సింది అంది, కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు, తర్వాత, అయితే రోజూ ఐదున్నరకి మెలకువ మాత్రం తెచ్చుకున్నావుగా, ఒక్క రోజు తప్పలేదుగా, రాసిన అనే మాట కొట్టేసి మేలుకున్న అని పెట్టు, అది నిజమే కదా, వరుసలో కూడా సరిపోతుంది, అంది, ఉంటానే, ప్యాంటు కోసం మనిషొచ్చాడు, అని పెట్టేసింది.

నాతో పాటు మేలుకున్న అక్కకి, దిద్దాను, పదకొండూ యాభై, అది అంత నొప్పిలోనూ నన్ను ఎదురుగా నిలబెట్టుకుని కొలత తీసుకున్నట్టు తీసుకుంది, నేను ఊపిరి బిగబట్టానని ఫోనులోనే కనిపెట్టేసింది, నాకు సరిపోయేలా ఒక మాట కుట్టి ఇచ్చింది, నూట పన్నెండో పేజీ తీశాను, కొట్టేసిన మాటల కింద వరసగా చుక్కలు పెడితే ఆ కొట్టివేత చెల్లదని మా పనిలో లెక్క, కొలతలు కింద, ఊపిరి కింద, అంగుళం కింద, ఒక్కొక్క చుక్కే పెట్టుకుంటూ వచ్చాను, అంచులో ఉన్న అనవసరం అనే మాట కొట్టేసి, ఉంచాలి అని రాశాను, డీటీపీ ఆమె వచ్చి నిలబడి కాగితాలు తిప్పుతూ, ఏమిటి మేడమ్, మీరు కొట్టేసింది మీరే ఉంచమనడం ఇదే మొదటిసారి చూడటం అంది, తప్పు నాదే అమ్మా, పుస్తకంలోది కాదు అన్నాను, ఆమె కట్ట తీసుకుని వెళ్ళిపోయింది. అసూయ పోయిందా అంటే పోలేదు, ఎక్కడికి పోతుంది, పుస్తకం వచ్చాక అట్ట మీద దాని పేరు చూసి మళ్ళీ కళ్ళలో నిప్పులు పోసుకుంటాను, కానీ ఇన్నాళ్ళూ దాని రాతని చూసి ఏడుస్తున్నాననుకున్నాను, కాదు, ఎదుటి మనిషికి ఊపిరాడేంత చోటు వదలడం దానికి తెలుసు, అందుకే రోజూ వంకర వాక్యాలు రాసి కూడా మర్నాడు మళ్ళీ కూర్చోగలిగింది, నేను ఎవరికీ వదల్లేదు, నాకు కూడా వదల్లేదు, గుమ్మంలో నిలబడ్డ ఆ స్త్రీ పదకొండేళ్ళుగా కదలకపోవడానికి కారణం తప్పులు కాదు, ఒక్క అంగుళమైనా వదులివ్వకుండా ఆమెని బిగించి కుట్టాను నేను, ఊపిరి బిగబట్టుకునే నిలబడి ఉంది పాపం ఇన్నాళ్ళూ.