హాజరు పట్టీలో మామ్మ

జంషెడ్‌పూర్‌లో పెద్ద కాన్వెంటు సీట్ల లాటరీలో పిల్ల పేరు వచ్చిందంటే, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చినంత మాట. ఈశ్వర్ కూతురు అనూహ్య పేరు వచ్చింది. మిల్లులో అతనితోపాటు మోటార్ల మరమ్మతు చూసేవాళ్లంతా లడ్డూలు తిన్నారు. అగ్రికో కాలనీలో పక్క క్వార్టర్లవాళ్లు ఏ దేవుడికి మొక్కుకున్నారని అతని భార్య స్మితను నిలదీశారు. సీటు ఖాయం చేసుకోవడానికి సోమవారం దాకా గడువుంది. అయినా శనివారం పొద్దున్నే ఈశ్వర్ తన తల్లి సూరమ్మనూ, కూతురినీ ఆటో ఎక్కించుకుని, భాలుబాసాలో ఎవరూ లాటరీ వేయని ఒక చిన్న బడికి బయలుదేరాడు.

కారణం ఒక్కటే. నాలుగున్నరేళ్ల అనూహ్య మాట్లాడడం మానేసింది.

ఒక్కరోజులో మానలేదు. అక్టోబరులో లాటరీ ఫారం నింపిన సాయంత్రం ఈశ్వర్ ఇంట్లో ఒక నియమం పెట్టాడు. పిల్ల ముందు తెలుగు బంద్. హిందీ మాట్లాడాలి, చేతనైతే ఇంగ్లీషు. అతను దీన్ని కాఠిన్యం అనుకోలేదు. ఆరేళ్లప్పుడు ఇచ్ఛాపురం నుంచి ఇక్కడి బాగ్‌బేరా రైల్వే కాలనీకి వచ్చి బడిలో చేరిన మొదటిరోజు, మంచినీళ్లు అడగడానికి హిందీ మాట దొరక్క గంట కొట్టేదాకా దాహంతో కూర్చున్నాడతను. ఆ దాహం ఇప్పటికీ అతని గొంతులో ఎక్కడో ఉంది. మీటింగుల్లో పై అధికారి ఏదైనా అడిగితే, జవాబు తెలిసినా ముందు గుటక మింగుతాడు. తన పిల్లకు ఆ గుటక వద్దనుకున్నాడు.

మొదట అనూహ్య హిందీలో ముక్కలు ముక్కలుగా పలికింది. తరవాత తల ఊపింది. తరవాత అదీ తగ్గించింది. కాన్వెంటువాళ్లు పరిచయానికి పిలిచినప్పుడు, మేడం జామపండు బొమ్మ చూపిస్తే పిల్ల పైనున్న ఫ్యాను చూస్తూ కూర్చుంది. "సీటు మీదే, చేరేలోపు కాస్త ప్రాక్టీస్ చేయించండి" అందావిడ మంచిగానే. ఈశ్వర్ ప్రాక్టీసు రెట్టింపు చేశాడు.

భాలుబాసా బడి మాట తెచ్చింది స్మిత. "మా బ్యాంకులో ఒకావిడ చెప్పింది. మార్డీ దీదీ అట, సంతాలీ ఆదివాసీ ఆవిడ. చిన్నపిల్లల్ని బాగా చూస్తుందట. వెళ్లి రండి."

"లాటరీలో వచ్చినదాన్ని ఎవరైనా వదులుకుంటారా?"

"చూసొస్తే సీటు పారిపోతుందా ఏవండీ? నాకు దాని గొంతు వినాలనుంది."

ఆ చివరి మాట విని అతను బడి అడ్రసు అడిగి రాసుకున్నాడు.

ఆటోలో అనూహ్య నాన్నమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. సూరమ్మ రోడ్డు చూస్తోంది. ఒకప్పుడు ఆమె పెరటిగోడ మీదుగా నాలుగిళ్లు దాటి వినిపించేలా మాట్లాడేది. ఈమధ్య ఇంట్లో ఆమె ఉన్నట్టే తెలియడం లేదు. వయసు అనుకున్నాడు ఈశ్వర్. అలా అనుకోవడం సులువుగా ఉంది.

బడి అంటే మూడు గదులు, రేకుల కప్పు, గుమ్మం బయట వరసగా చిన్న చెప్పులు. మార్డీ దీదీకి యాభై దాటి ఉంటాయి. అనూహ్యను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సూరమ్మకు చాప చూపించి, "కూర్చోండి మాతాజీ, హాజరు వేసుకుంటున్నాం" అంది హిందీలో.

ఈశ్వర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పేరు పిలిస్తే ఒక పిల్ల "హాజిర్" అంది. ఇంకొకతె ఒడియాలో "అఛీ" అంది. ఒక బుడతడు సంతాలీలో ఏదో అని, దీదీని నవ్వించి కూర్చున్నాడు.

"ఇంట్లో ఎలా పలుకుతారో ఇక్కడా అలాగే," అంది దీదీ ఈశ్వర్‌తో. "మొదటి ఏడాదంతా ఇంతే. హిందీ, ఇంగ్లీషు మెల్లగా వస్తాయి, వాటికేం తొందర? మాతాజీ పేరేంటి?"

అతను తల్లి పేరూ, కూతురి పేరూ చెప్పాడు. ఆమె పుస్తకం చివర పెన్సిలుతో రాసుకుంది.

"సూరమ్మా!"

సూరమ్మ తలెత్తి కొడుకు వైపు చూసింది.

ఆ చూపు ఈశ్వర్‌కు ముందు అర్థం కాలేదు. కొత్తకోడలు పెద్దల ముందు నోరు విప్పడానికి అనుమతి అడిగినట్టు ఉందది. అరవై ఎనిమిదేళ్ల తల్లి, తనని అడుగుతోంది. ఆమె పక్కన కూర్చున్న అనూహ్య దీదీని చూడడం లేదు, పిల్లల్నీ చూడడం లేదు. నాన్నమ్మ పెదవులనే చూస్తోంది.

"పలుకమ్మా," అన్నాడు.

"తెలుగులోనేటి?" సూరమ్మ గుసగుసగా అడిగింది.

"తెలుగులోనే."

"ఉన్నానమ్మా!" అంది సూరమ్మ, పాత రోజుల గొంతుతో. పిల్లలు గొల్లున నవ్వారు. సంతాలీ బుడతడు "ఉన్నానమ్మా" అని తిరిగి అన్నాడు.

తరవాత అనూహ్య పేరు పిలిచింది దీదీ. జవాబు లేదు. "చెప్పులు విప్పి వరసలో పెట్టి వచ్చింది కదా, వచ్చినట్టే," అని టిక్కు పెట్టి పుస్తకం మూసేసింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

హాజరయ్యాక బయటికి వచ్చారు. చెప్పులు వేసుకుంటూ అనూహ్య సూరమ్మ చీర కుచ్చిళ్లు లాగింది.

"మామ్మా, నీ గొంతు బాగైపోయిందా?"

తెలుగులో, పూర్తి వాక్యం. ఈశ్వర్ కదిలితే ఆ మాట చెదిరిపోతుందేమోనని అలాగే నిలబడ్డాడు.

"నా గొంతుకేటయింది తల్లీ?"

"నువ్వు మాటాడట్లేదుగా. నొప్పి కదా. నేను మాటాడితే నీకూ మాటాడాలనిపిస్తది. మళ్లీ నొప్పేస్తది." చెప్పులో కాలు దూర్చి, "అందుకే నేనూ ఊరుకున్నా" అంది.

సూరమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఈశ్వర్ తల్లి వైపు తిరిగాడు.

"నువ్వెందుకమ్మా మానేశావు?"

"నువ్వే కదరా తెలుగు బందన్నావు. నాకొచ్చిన హిందీ ఏపాటిది, కూరలబండోడితో బేరానికి సరిపోద్ది. ఆ వంకర హిందీ దానికంటుకుంటే సీటు రాదని నువ్వు బాధపడతావు. అందుకే నోరు మూసుకున్నాను."

"మూడు నెలలా?"

"పిల్లకే ఏటి పరీచ్చ? నానూ పాసవ్వాల కదా," అంది నవ్వుతూ. కళ్లు మాత్రం చీర చెంగుతో ఒత్తుకుంది.

మోటారు ట్రిప్ అయి ఆగిపోతే కారణం వెతక్కుండా స్టార్ట్ బటన్ నొక్కొద్దని మిల్లులో కొత్తవాళ్లకు చెప్పేది అతనే. లోపల ఏదో కాలిపోకుండా కాపాడుకోవడానికే అది ఆగుతుంది. ఇంట్లో తను మూడు నెలలపాటు చేసిన పని బటన్ నొక్కడమే. ఆ మూడు నెలలూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఇద్దరు తన కళ్లెదుటే ఆగిపోయి ఉన్నారు. సిగ్గు వేసింది. కానీ దాని అడుగున ఇంకేదో ఉంది, సిగ్గు కంటే పెద్దది. ఇంత ప్రేమ తన ఇంట్లో ఉంది. తను దాన్ని పాడుచేయబోతే, అది పాడవలేదు.

స్మితకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోను పిల్ల వైపు పట్టుకున్నాడు. అనూహ్య నాన్నమ్మకు ఏదో చెబుతోంది, మూడు నెలల బాకీ అంతా.

"సీటు?" అంది చివరికి స్మిత, తడిగొంతుతో.

"సోమవారం వెళ్లి వద్దని చెప్తాను. జాబితాలో తరవాతి పిల్లకి వెళ్తుంది."

"పాపం, వాళ్లింట్లో ఎన్ని లడ్డూలు పంచుతారో."

బడిలో చేర్చే ఫారం నింపడానికి ఈశ్వర్ ఇద్దరినీ తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. 'ఇంట్లో మాట్లాడే భాష' దగ్గర తెలుగు అని రాశాడు. 'బడికి తీసుకొచ్చేవారు' దగ్గర సూరమ్మ పేరు రాశాడు. ఆమెకు ఏదైనా చెప్పాలనిపించింది. కానీ తల్లికి కృతజ్ఞతలు చెప్పే అలవాటు వాళ్లింట్లో ఎన్నడూ లేదు.

"ఏటిరా అలా చూత్తన్నావు? సంతకం పెట్టి, వేగిరం ఆటో పిలు," అంది సూరమ్మ.

ఇంతలో అనూహ్య వాళ్లను దాటుకుని దీదీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మంచినీళ్లు," అంది.

దీదీకి ఆ మాట తెలియదు. తెలియదని అనలేదు కూడా. పిల్ల చూపు ఎటుందో చూసింది. మూలన కుండ. లేచి వెళ్లి గ్లాసు ముంచి తెచ్చి ఇచ్చింది.

అనూహ్య రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గటగటా తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఈశ్వర్ కలం పట్టుకుని చూస్తూనే ఉన్నాడు.