మొదటి భాగమే గొప్పదట

నేను ఒక మౌస్‌ని. వైరు ఉన్న రకం. వైరు లేని మావాళ్లు ఛార్జింగ్ అయిపోయి బల్ల మీద చచ్చిన బొద్దింకల్లా పడుంటారు, నేను మాత్రం ఇరవై ఏళ్లు ఆగకుండా పని చేశాను. గొప్పకే చెబుతున్నాను. చెప్పుకోవడానికి ఏమీ లేని మనుషులే అంతంత చెప్పుకుంటుంటే నాకేం తక్కువ?

ఎక్కడో పరాయి దేశపు ఫ్యాక్టరీలో తయారై, అట్టపెట్టెలో ఓడెక్కి, చివరికి కాకినాడ సినిమా రోడ్డులో ఒక నెట్ సెంటర్‌కి చేరాను. అక్కడి సంగతులు అడక్కండి. మిరపకాయ బజ్జీ తిని, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని నన్ను పట్టుకునేవాళ్లే అందరూ. వాళ్లలో ఒకడు కిరీటి, అప్పట్లో డిగ్రీ చదివేవాడు. వచ్చేది 'గ్రే హార్వెస్ట్' అనే ఆట కోసం. సెంటర్ మూసేసినప్పుడు వీడు ఆ కంప్యూటర్‌తో పాటు నన్నూ కొనుక్కుపోయాడు. బజ్జీ చేతుల నుంచి తప్పించాడు కదా అని మొదట్లో కాస్త గౌరవించాను. ఎక్కువ రోజులు నిలవలేదు ఆ గౌరవం.

ఆ ఆట ఏమిటంటే, ప్రపంచం యుద్ధాల్లో కాలి బూడిదైపోయాక మిగిలిన నాలుగు ప్రాణాలూ ఎలా బతుకుతాయన్నది. ఐదు భాగాలు వచ్చాయి. ఐదింటినీ నడిపించింది నేనే కనక తేడాలు నన్నడగండి. మొదటి భాగంలో నాకు పని తక్కువ. చదవాలి, ఆలోచించాలి, ఒక్కసారి నొక్కాలి. రెండో దాంట్లో వెకిలి జోకులు పెరిగాయి, సర్లే అనుకున్నాను. మూడో దాంట్లో హీరో చేతికి తుపాకీ ఇచ్చారు, ఇక ఆలోచన మానేసి నా ఎడమ బటన్ని చావగొట్టారు. నాలుగో భాగంలో లోకం అంతమైపోయాక మన వీరుడు చేసే ఘనకార్యం, ఇల్లు కట్టుకుని కర్టెన్లకి రంగులు ఎంచుకోవడం. ఐదోది మరీ ఘోరం. ముక్కూమొహం తెలియని జనమంతా ఒకచోట చేరి, కాల్చుకుని, చచ్చినవాడి పక్కన డాన్సు చేస్తారు. మనుషులకి ప్రళయం వచ్చినా సెలవు దొరికినట్టే ఉంటుంది కాబోలు.

కిరీటి ఇప్పుడు కాకినాడలోనే కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ నడుపుతున్నాడు. మిగతా సమయంలో యూట్యూబ్‌లో ఆటల మీద ఉపన్యాసాలిస్తాడు. ఎప్పుడు చూసినా ఒకటే పాట.

"మొదటి భాగం మొదటి భాగమేనండీ. అందులో మన నిర్ణయానికి మనమే బాధ్యులం. ఇప్పుడొచ్చే ఆటల్లో ఆ దమ్మేదండీ?"

కింద జనం చప్పట్ల బొమ్మలు కుప్పలుగా పోస్తారు. వీడు మొదటి భాగం పూర్తి చేయనే లేదు.

ఆట సగంలో ఒక చోటుంది. హీరో దగ్గర ఒకే ఒక్క విత్తనాల సంచీ ఉంటుంది, ఎదురుగా ఆకలితో రెండు ఊళ్లు. ఒక ఊరికిస్తే రెండోది పోతుంది. చెరిసగం పంచితే రెండూ పోతాయి. కిరీటి అక్కడ ఆటని సేవ్ చేసుకుని ఒక ఊరికి ఇచ్చాడు. రెండో ఊరి ఏడుపు వినబడగానే వెనక్కొచ్చేశాడు. ఈసారి ఆ ఊరికి ఇచ్చాడు, మళ్లీ వెనక్కి. ఆపైన మూడో దారేదో దాచిపెట్టారని నమ్మి, ప్రతి గోడా, ప్రతి రాయీ నాతో నొక్కించాడు. మూడో దారి లేదురా నాయనా అని చెప్పడానికి నాకు నోరు లేకపోయింది. చివరికి ముగింపు ఎవడో పెట్టిన వీడియోలో చూసేసి ఆ రోజు నుంచి పండితుడైపోయాడు. ఇలాంటివాళ్లు లోకమంతా ఉండి గోల చేసుంటారు, మూడో భాగం నుంచి అలాంటి చోటికి వెళ్తే పక్కనే ఇంకో సంచీ దొరుకుతుంది. ఆ రెండో సంచీని వీడియోల్లో అందరికంటే గట్టిగా తిట్టేది కూడా వీడే.

వీడి భార్య సుభాషిణి బ్యాంకు ఉద్యోగి. మొన్న వేసవిలో ఆవిడకి మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది, పలాస బ్రాంచికి. వద్దంటే మళ్లీ ఎన్నేళ్లకో. ఒప్పుకుంటే వీడు సెంటర్ మూసుకుని వెంట వెళ్లాలి, లేదంటే చెరో ఊళ్లో ఉండాలి. నెలాఖరులోగా బ్యాంకుకి జవాబివ్వాలి.

"ఏవండీ, ఏదో ఒకటి చెప్పండి. వెళ్దామంటే వెళ్దాం, వద్దంటే మానేస్తాను. మీ నోటితో చెప్పండి చాలు."

"ఉండు సుభా, తొందరేముంది? కాకినాడలోనే ఏదైనా బ్రాంచి ఇస్తారేమో కనుక్కుందాం."

"ఇవ్వరని చెప్పేశారు కదండీ."

"మా ఫ్రెండు వాళ్ల బావ ఒకాయన ఉన్నాడులే, రీజనల్ ఆఫీసులో. ఆయన్ని అడిగి చూద్దాం."

ఆ బావగారూ కుదరదన్నాడు. అయితే ఆర్నెల్లు గడువు అడుగుదామన్నాడు వీడు. అదీ కుదరదన్నారు. అప్పుడు పలాసలో నెట్ స్పీడ్ ఎంతో కనుక్కోవాలన్నాడు. మళ్లీ గోడలు తడుముతున్నాడని నాకర్థమైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వీడు సెంటర్‌కి వెళ్లాక ఆవిడ కుర్చీలో కూర్చుని మొదటి భాగం తెరిచింది. బ్యాంకు స్టాంపు పట్టుకున్నట్టు పట్టుకుంది నన్ను. మొదట్లో నవ్వొచ్చింది నాకు. కానీ ఆవిడ ప్రతి మాటా చదివింది. కొన్నాళ్లలో ఆ రెండు ఊళ్ల దగ్గరికి వచ్చింది. చాలాసేపు కూర్చుంది, లేచి బియ్యం కడిగి పెట్టి వచ్చింది, దూరపు ఊరికి సంచీ ఇచ్చేసింది. వెనక్కి రాలేదు. దారి రెండో ఊరి మధ్య నుంచే పోతుంది. ఏడ్చింది. ఏడుస్తూనే నన్ను ముందుకి కదిపింది. ఇన్నేళ్లలో నేను గౌరవించిన చెయ్యి అదొక్కటే.

ఆవిడ ఆట ముగించిన రోజు వీడు కంప్యూటర్ ముందే పళ్లెం పెట్టుకుని తింటున్నాడు. ఆవిడ పక్కన నిలబడి అడిగింది.

"ఆ ఖాళీ అయిపోయిన ఊళ్లో ముసలావిడ అన్న మాట గుర్తుందా మీకు?"

"ఏ ముసలావిడ?"

ఆవిడ కాసేపు వీడి మొహం చూసింది. "'మాకివ్వలేదని కోపం లేదు నాయనా, ఇవ్వనని ఎదురుగా వచ్చి చెప్పావు, అది చాలు' అంటుందండీ."

"అబ్బ, ఏం రాశారు సుభా. చూశావా, అదీ మొదటి భాగమంటే. ఇది రేపు వీడియోలో పెట్టాలి."

ఆవిడ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు బ్యాంకుకి వస్తానని రాసేసింది. ఆ వారంలోనే రెండు సూట్‌కేసులతో సామర్లకోటలో రైలెక్కింది. వీడు స్టేషన్ దాకా వెళ్లి వచ్చి, దేవుడి దయవల్ల అదే సర్దుకుందని ఎవరికో ఫోన్‌లో చెప్పాడు.

తర్వాత ఒకరోజు ఆవిడ ఫోన్ చేసింది. వీడు స్పీకర్‌లో పెట్టి, నన్ను కదుపుతూనే మాట్లాడాడు.

"నేనూ ఆలోచిస్తున్నా సుభా. వచ్చే నెల నుంచి శనాదివారాలు రానా? లేదా అక్కడే చిన్న సెంటర్ లాంటిది పెడితే ఎలా ఉంటుందో కనుక్కుని..."

"వద్దులెండి. ఇల్లు ఒక్కదానికి సరిపడేదే తీసుకున్నాను."

నన్ను కదపడం ఆపేశాడు. "అదేంటి సుభా, అలా అంటావు? అంత పెద్ద నిర్ణయం, నాతో ఒక్క మాట..."

"మిమ్మల్ని నెలంతా అడిగానండీ," అంది ఆవిడ, కోపం లేకుండా. వేళకి భోజనం చెయ్యమని చెప్పి ఫోన్ పెట్టేసింది. వీడి అరచెయ్యి చాలాసేపు నా మీదే ఉంది. చెమట పట్టింది కానీ ఎక్కడా నొక్కలేదు.

ఇప్పుడు వీడు వైరు లేని కొత్త మౌస్ కొనుక్కున్నాడు. నన్ను గాజుపెట్టెలో పెట్టి, వెనక అరలో లైటు కింద నిలబెట్టాడు, మ్యూజియంలో పెట్టినట్టు. నిన్న ఐదు భాగాల్నీ పోలుస్తూ పెద్ద వీడియో తీశాడు. చివర్లో పెట్టెని కెమెరా ముందుకి తెచ్చి, "మొదటి భాగం నేను పూర్తి చేసింది దీంతోనేనండీ" అన్నాడు.

నాతోనే పూర్తయిన మాట నిజమే. పూర్తి చేసిన మనిషి పలాసలో ఉంది.