టైలరమ్మగారి అత్తగారు

ఒకప్పుడు ఆ వీధిలో టైలరమ్మ అంటే ఆవిడే. ఇప్పుడా పేరు కోడలిది. ఆవిడేమో టైలరమ్మగారి అత్తగారై కూర్చుంది. పేరేమన్నా మూటగట్టుకుపోయేదా, పోతే పోయిందిలే అని పైకి అంటుంది గానీ, ఎవరైనా గుమ్మంలో నిలబడి "టైలరమ్మా" అని కేకేస్తే ఇప్పటికీ ముందు లేచేది ఆవిడ తలే. లేచాక, పిలిచింది కోడలినని గుర్తొచ్చి, ఏదో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసి మళ్ళీ దించుకుంటుంది.

మోకాళ్ళ నొప్పుల వల్లే ఆవిడ మిషన్ మానేసిందని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఆవిడే నమ్మించింది. నిజానికి మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. ఏడేళ్ళ క్రితం ఉన్నట్టుండి ఆవిడ కుట్టు వంకర పోవడం మొదలైంది. తిన్నగా పెట్టిన గుడ్డ సూది కిందికి వెళ్ళేసరికి ఎడమకు జరిగిపోయేది. కళ్ళజోడు మార్పించుకుంది, లాభం లేదు. మిషన్ని కిటికీ పక్కకు లాగించుకుంది, అయినా లాభం లేదు. కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. అప్పుడే కాపురానికొచ్చిన కోడలు, తోచక అదే మిషన్ మీద తొక్కడం నేర్చుకుంటూ, కొన్నాళ్ళకే ఒక దిండు గలీబు అంచు గీత గీసినట్టు కుట్టి తెచ్చి, ఎలా ఉందత్తయ్యా అని చూపించింది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. మిషన్ అదే, దారం అదే. అంటే పోయింది తన చెయ్యేనన్నమాట. చెయ్యి పోయిందని నలుగురిలో చెప్పుకోవడం కన్నా మోకాళ్ళు పోయాయనడం నయమనుకుంది. ఆ మర్నాటి నుంచి మిషన్ కోడలిదైంది. ఆవిడకు బొత్తాలు కుట్టడం, దారాలు కత్తిరించడం మిగిలాయి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కోడలు బంగారం. కాకపోతే కుట్టేటప్పుడు గుడ్డను కుడిచేత్తో బిగబట్టి లాగుతుంది. అలా లాగకే, సూది విరుగుతుందని మొదట్లో ఆవిడ చెప్పి చూసింది. లాగకపోతే కుదరట్లేదత్తయ్యా అంది కోడలు. కుట్టు తిన్నగానే వస్తుంటే ఇంక అనేదేముంది? ఊరుకుంది.

ఇలా ఉండగా, పక్కవీధిలోని పిల్లల హాస్టల్ నుంచి పెద్ద పని వచ్చింది. గది గదికీ తెరలు, దుప్పట్లు, గలీబులు, అన్నీ సెలవులు అయ్యేలోగా కావాలి. తొక్కుడు మిషన్ మీద ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. మోటారు మిషన్ కొందామని కోడలు ఆశపడింది. దాచుకున్నది చాలదు. పాతది మార్పిడికి ఇస్తే సరిపోతుంది.

మార్పిడి అన్న మాట వినగానే ముసలామె కుడుతున్న బొత్తాన్ని కిందపెట్టేసింది. తన కష్టార్జితంతో కొన్న మిషన్ అది. కొడుకు చదువంతా దాని చక్రం మీదే నడిచింది. కానీ ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది? తాను కుట్టదు కదా. "సరే, నేనూ వస్తా. నీలాంటి మెత్తటి మనిషిని చూస్తే కొట్టువాడు ఏదో ఒకటి అంటగట్టేస్తాడు" అని మాత్రం అంది. ఆ పాత ప్రాణిని ఎవరి చేతుల్లో పెడుతున్నారో కళ్ళారా చూసుకోవాలని ఆవిడ బాధ.

కొట్టు పొడుగ్గా, ఇరుగ్గా, మిషన్ నూనె వాసనతో ఉంది. కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, అన్నిటికన్నా ఖరీదైన దానితో మొదలెట్టాడు. అది పువ్వులు కుడుతుందట, ఆకులు కుడుతుందట, మీట తిప్పితే వరసగా బాతులు కూడా కుడుతుందట. బాతులు కుట్టుకుని మేమేం చేసుకుంటాం బాబూ, తిన్నగా కుట్టేది చూపించు, అంది ముసలామె. ఆయన ఒక్కో మెట్టే దిగుతూ వచ్చి చివరకు రెండింటి దగ్గర ఆగాడు. ఒకటి చిన్న దీపమున్న మోటారు మిషన్. పాతది ఇస్తేనే అందుతుంది. రెండోది మూలన నిలబెట్టిన మామూలు తొక్కుడు మిషన్. పాతది ఇవ్వకపోయినా చేతిలో ఉన్నదానికి వస్తుంది. దాన్ని కోడలు కన్నెత్తి కూడా చూడలేదు.

కోడలు మోటారు మిషన్ ముందు కూర్చుంది. కొట్టాయన గళ్ళ గుడ్డముక్క ఒకటి ఇచ్చి, గీత వెంబడి కుట్టి చూడమన్నాడు. కుట్టింది. కుట్టు గీత మీద బయలుదేరి, నాలుగు వేళ్ళ దూరం వెళ్ళేసరికి పక్క గడిలోకి దిగిపోయింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ అంతే. పోనీ మోటారు కొత్త కదా అని మూలనున్న తొక్కుడు మిషన్ మీద కూర్చుంది. అక్కడా అదే వంకర.

"మిషన్ నేర్చుకుని ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాడు కొట్టాయన నవ్వుతూ.

అతను వెటకారానికి అనకపోయినా ముసలామెకు ఒళ్ళు మండింది. కోడలి మొహం చూస్తే కందగడ్డలా ఉంది. హాస్టల్ వాళ్ళకు మాటిచ్చింది, దాచుకున్నదంతా పట్టుకొచ్చింది, తీరా చూస్తే గళ్ళగుడ్డ మీద గీత వెంబడి కుట్టలేకపోతోంది. అత్తగారి వైపు తిరిగి మెల్లగా అంది. "ఏమైందో అత్తయ్యా, చెయ్యి నా మాట వినట్లేదు."

ఆ మాట ముసలామెకు కొత్తది కాదు. ఏడేళ్ళ క్రితం కిటికీ పక్కన కూర్చుని, అక్షరాలా అదే మాట తనలో తాను అనుకుంది. తన సంగతి ఎవరికీ తెలియకూడదనే ఇన్నాళ్ళు పళ్ళబిగువున దాచుకుంది. ఇప్పుడదే బాధ ఈ పిల్లకు వచ్చి పడిందా, ఇంత చిన్న వయసులో? ఒక ఉపాయం తోచింది. తాను కూర్చుని కుడితే కుట్టు ఇంకా ఘోరంగా పోతుంది. అప్పుడు కొట్టాయన నవ్వేదేదో తనను చూసి నవ్వుతాడు, మిషన్‌లోనే ఏదో లోపముందని పిల్ల కుదుటపడుతుంది. ముసలిదాన్ని, నాకు పోయే పరువేముంది అనుకుంది.

"లే, నన్ను కూర్చోనీ."

మోకాళ్ళు అత్తయ్యా, అంటూనే కోడలు లేచింది. ముసలామె తొక్కుడు మిషన్ ముందు కూర్చుని, గుడ్డను నొక్కే పాదం దించి, గుండె చిక్కబట్టుకుని తొక్కింది. వంకర పోవాలనే కూర్చుంది కదా, గుడ్డను సర్దే ప్రయత్నం కూడా చెయ్యలేదు. వేళ్ళు ఊరికే దాని మీద ఆనించి వదిలేసింది. గుడ్డ చివరిదాకా వెళ్ళాక పాదం ఎత్తి చూసింది.

కుట్టు గీత మీదే ఉంది. మొదటి నుంచి చివరిదాకా గీత మీదే ఉంది.

ఆవిడకు నమ్మకం కుదరలేదు. ఇంకో గీత మీద కుట్టింది. ఇంకొకటి. గుడ్డ తిప్పి మూల మలిచింది. అంతా తిన్నగా ఉంది. కొట్టాయన కళ్ళజోడు కిందికి దించుకుని, పెద్దమ్మగారు పాత చెయ్యిలా ఉన్నారే అన్నాడు. ఆవిడకు ఆ మాట చెవికెక్కలేదు. కోడలిని మళ్ళీ కూర్చోబెట్టి, కుట్టు వైపు కాకుండా ఆ పిల్ల కుడిచేతి వైపు చూసింది. చెయ్యి గుడ్డను బిగబట్టి లాగుతోంది, ఏడేళ్ళుగా లాగుతున్నట్టే.

"ఆ చెయ్యి తియ్యి."

"తీస్తే ఎడమకు పోతుందత్తయ్యా."

"పోదు. తియ్యి."

కోడలు చెయ్యి తీసింది. కుట్టు తిన్నగా సాగింది. నాలుగు వేళ్ళ దూరం పోయేసరికి చెయ్యి దానంతటదే మళ్ళీ లాగబోయింది, ముసలామె దాని మీద ఒకటి వేసింది. ఇంట్లోని మిషన్ ఎడమకు లాగుతుందా అని కొట్టాయన అడిగాడు. పాదం కింద గుడ్డను ముందుకు జరిపే పళ్ళుంటాయని, అవి ఒకపక్క అరిగిపోతే అంతేనని చెప్పాడు. మంచి చెయ్యి కూడా దాని మీద వంకరే కుడుతుందట. దాని మీదే నేర్చుకున్నవాళ్ళు మాత్రం తెలియకుండానే సర్దుకుపోతారట.

కోడలు అత్తగారి వైపు చూసింది. చూస్తూనే ఉంది.

"అయితే అత్తయ్యా, మీ మోకాళ్ళు?"

ఇక దాచి లాభమేముంది? ముసలామె అంతా చెప్పేసింది. చెబుతుంటే నవ్వు వచ్చింది, నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. ఏడేళ్ళు! కొడుక్కో, కోడలికో ఒక్క మాట అని ఉంటే ఎవడో ఒకడు వచ్చి మిషన్ చూసిపోయేవాడు. ఏం రోగం తనకు? పాడు పంతానికి పోయి, మంచి చేతిని బొత్తాల పాలు చేసింది. తన మీద తనకే కోపం వచ్చింది. కానీ ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే చెయ్యి పోలేదు. చెయ్యి ఉంది. ఒళ్ళో పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

కోడలు లేచింది. మోటారు మిషన్ మీది దీపం తానే ఆర్పేసి కొట్టాయనతో చెప్పింది.

"ఆ మూలనున్న తొక్కుడు మిషనే ఇవ్వండి. పాతది మేం ఇవ్వం."

మోటారు కావాలని అంత ఆశపడ్డావు కదే అని ముసలామె లబలబలాడింది. మోటారైతే తానొక్కతే కుట్టాలని, ఇలాగైతే ఇద్దరూ కూర్చుంటే హాస్టల్ పని సెలవుల్లోపే తేలిపోతుందని కోడలు అంది. ఇక మోకాళ్ళ వంక పెట్టారంటే ఊరుకోనని కూడా అంది.

సాయంత్రం కొట్టాయన తానే మిషన్ తెచ్చి, ముందుగదిలో పాతదాని పక్కన బిగించి ఇచ్చాడు. మంచి మనిషి, పనిలో పనిగా పాతదాని పళ్ళు కూడా మార్చేస్తానని సంచీలోంచి మరమేకుల పెట్టె తీశాడు. కోడలు గభాల్న వచ్చి మిషన్‌కు అడ్డంగా నిలబడింది.

"దాన్ని ముట్టుకోకండి బాబూ. ఇప్పుడు బాగుచేశారంటే నాకు కుట్టడం రాదు."

హాస్టల్ పని అయ్యాక మారుద్దురుగాని అని ముసలామె నచ్చజెప్పి పంపింది. ఆయన వెళ్ళాక ఒక పేలిక ముక్క తీసుకుని, పాత మిషన్ మీద తన చేత్తో ఒక్కసారి కుట్టి చూసుకుంది. గుడ్డ నిదానంగా, బుద్ధిగా ఎడమకు పోయింది. ఎంత పని చేశావే నువ్వు, అని దాని నెత్తిన చిన్నగా కొట్టి, లేచి కొత్తదాని ముందు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ తెరల పనిలో పడ్డారు. రెండు మిషన్ల చప్పుడుకి ఇల్లు సందడిగా ఉంది. ఇంతలో ఎవరో గుమ్మంలోకి వచ్చి "టైలరమ్మా" అని కేకేశారు. అలవాటు కొద్దీ ముసలామె తల లేచింది. లేచి, అలవాటు కొద్దీ దించుకోబోయింది.

కోడలు కుట్టు ఆపలేదు. కుడిచేత్తో గుడ్డను బిగబట్టి లాగుతూ, తల కూడా ఎత్తకుండా అంది.

"మిమ్మల్నే అత్తయ్యా."